ఎస్తేరు ఎక్కిన స్కూటరు

రాజోలి దగ్గర ఆ ఊళ్లో హెప్సిబా నోరంటే బడి హెడ్మాస్టరుకు కూడా దడే. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. ఒకసారి కాంట్రాక్టరు కుళ్లిన గుడ్లు పంపితే, అతని బండి ముందే ఒక్కొక్కటీ పగలగొట్టి, "వాసన జూడు. నీ పిల్లలకు పెడ్తవా ఇవి?" అని నిలదీసింది. ఆ తర్వాత గుడ్లు మంచివే వస్తున్నాయి. ఊరందరితో గెలిచి వచ్చే ఆ మనిషి ఇంట్లో మాత్రం ఒక పోరులో ఏళ్ల తరబడి ఓడిపోతూనే ఉంది. అది అత్త ఎస్తేరుతో.

అత్తాకోడళ్ల పోరు అనగానే మీరు అనుకునేది కాదు. ఎస్తేరు కోడలిని పల్లెత్తు మాట అని ఎరగదు. గొడవల్లా ఒక్కటే: అత్త కూర్చోదు. కూర్చున్నా కూర్చుని ఉండదు. తెల్లచొక్కా కనబడితే లేస్తుంది. యూనిఫారం కనబడితే లేస్తుంది. గద్వాల దవాఖానకు మోకాళ్లు చూపించుకోవడానికి పోయి, వరుసలో కుర్చీ దొరికితే, కాంపౌండరు అటుగా పోయినప్పుడల్లా ఆ పాడు మోకాళ్ల మీదే లేచి నిలబడేది. బస్సులో మంచి చీర కట్టుకున్న ఆడమనిషి ఎక్కితే చాలు, సీటు వదిలేసి ఇంజను పక్కన కింద చతికిలబడేది. ఆ చీర కట్టినామెకు హెప్సిబా వయసులో సగమే ఉన్నా సరే.

"ఎందుకు లేస్తవ్ అత్తా? నిన్నెవరన్న లెమ్మన్నరా?" అని హెప్సిబా పళ్లు కొరికేది.

"పోనియ్ బిడ్డా. జర లేస్తె ఏం పోతది?" అనేది ఎస్తేరు. అంతే, అక్కడికి మాట అయిపోయేది. హెప్సిబా మాత్రం ఆ రోజంతా గిన్నెలు ఎత్తెత్తి పడేసేది.

ఏం పోతుందో ఆ మోకాళ్లకు తెలుసు. ఎస్తేరు వయసులో ఉన్నప్పుడు మేస్త్రీ వెంట లారీలెక్కి గుజరాత్ పోయింది, మహారాష్ట్ర పోయింది, కాలువలు తవ్వే చోటల్లా మట్టి తట్ట మోసింది. దేశం సగం తిరిగింది గాని, చూడటానికని ఎక్కడికీ పోలేదు. తట్ట దించిన చోటే పడుకోవడం, తెల్లారితే మళ్లీ తట్ట ఎత్తడం. మేస్త్రీ చూస్తుండగా కూర్చుంటే ఆ పూట కూలి కోసేవాడు. అలా అరిగిన కీళ్లు ఇప్పుడు నాలుగు అడుగులకే బిగుసుకుపోతాయి. కర్ర పట్టుకుని, కాళ్లు విల్లులా వంగి, ఇంట్లోంచి వాకిట్లోకి రావడమే పెద్ద ప్రయాణం.

కానీ ఆమె లేవడానికి మూలం మేస్త్రీ కాదని వాళ్ల వాడలో, ఆ మాదిగ గేరిలో, అందరికీ తెలుసు. గొంతు తగ్గించి చెప్పుకునే కథ అది. ఎస్తేరు భర్త మాసయ్య గుజరాత్ నుంచి వచ్చిన ఏడు కొత్త సైకిలు కొన్నాడు. ఆ రోజుల్లో మాదిగ గేరి మనిషి పటేలు ఇంటి ముందు నుంచి సైకిలు తొక్కుకుంటూ పోకూడదు. దిగాలి. చెప్పులు చేతిలో పట్టుకోవాలి. సైకిలు తోసుకుంటూ పోవాలి. రాజ్యాంగంలో ఏం రాసుంటే ఏం, ఆ వీధికి పటేలు అరుగే రాజ్యాంగం. మాసయ్య దిగలేదు. వెనక క్యారేజీ మీద ఎస్తేరు కూర్చుని ఉంది. పటేలు మనుషులు ఆపారు. సైకిలును మాసయ్య నెత్తికెత్తి ఊరంతా తిప్పారు. ఎస్తేరు చెప్పులు చేత పట్టుకుని వెనక నడిచింది.

మాసయ్య పోయి చాలా ఏళ్లయింది. పటేలూ పోయాడు. ఆయన కొడుకులు ఇల్లు అమ్మేసుకుని వనపర్తిలో స్థిరపడ్డారు. ఆ జాగాలో ఇప్పుడు ఎరువుల దుకాణం ఉంది. అయినా ఎస్తేరు ఆ దుకాణం దగ్గర ఆటో ఆపించి దిగుతుంది, కర్ర పొడుచుకుంటూ దాని ముందు నుంచి నడుస్తుంది, దాటాక మళ్లీ ఎక్కుతుంది. ఆటో నడిపే వెంకటన్న విసుక్కుని విసుక్కుని ఇప్పుడు తనే ఆపుతున్నాడు. యూరియా బస్తాలకు మొక్కుతున్న మనిషిని చూసినట్టు దుకాణం వాళ్లు చూస్తారు. హెప్సిబా మాత్రం దిగదు. ఆటోలో బిగుసుకుని కూర్చుని, ఎటో చూస్తూ, పటేలునూ అత్తనూ కలిపి తిట్టుకుంటుంది.

అలాంటి ఎస్తేరు ఒక రోజు నోరు తెరిచి ఒకటి అడిగింది.

హెప్సిబా కూతురు రేఖ ఇంటర్ చదువుతోంది. బీచుపల్లి దాటాక హైవే పక్కన కొత్తగా వెలసిన 'రంగులలోకం' అనే పార్కు వీడియోను ఫోనులో నాయనమ్మకు చూపించింది. అందులో అద్దాల గుహ ఉంది. మనుషులు నడుస్తుంటే పక్కనా పైనా నీళ్లు, నీళ్లలో చేపలు.

"నెత్తి మీదికెళ్లి పోతయా చాపలు?" అని ఎస్తేరు ఫోనును ముఖం దగ్గరికి లాక్కుంది. మళ్లీ పెట్టమంది. మళ్లీ చూసింది. "యాడుంది బిడ్డా ఇది? మనం పోతె సూడనిస్తరా?"

ఆ 'సూడనిస్తరా' అన్న మాటకు హెప్సిబా చేతిలో గరిట ఆగిపోయింది. టికెట్టు కొంటే చూడనివ్వక చస్తారా? పుట్టి బుద్ధెరిగి ఈ మనిషి తనకోసం ఏదైనా అడగడం అదే మొదలు. భర్త జాన్ బెంగుళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు, అతను వచ్చేదాకా ఆగుదామని కూడా అనలేదు. "ఆదివారం ప్రార్థనైనంక పోదాం" అంది.

"అంత దూరం నేను నడుస్తనా?" అంది ఎస్తేరు.

"నడిచేది లేదు నాయనమ్మా. నడవలేని ముసలోళ్లకు ఆడ బ్యాటరీ స్కూటరు ఇస్తరు. కూసోని పోవుడే" అంది రేఖ.

నిజంగానే ఇచ్చారు. మూడు చక్రాలు, ముందు బుట్ట, వెనక ఆనుకోవడానికి సీటు. గేటు దగ్గరి అమ్మాయి ఎస్తేరు కాళ్లు చూసి మారు మాట్లాడకుండా తాళం తిప్పి, బొటనవేలితో నొక్కితే కదులుతుందనీ వదిలితే ఆగుతుందనీ చూపించింది. ఎస్తేరు భయపడుతూ నొక్కింది. బండి ముందుకు జరిగింది. వదిలింది. ఆగింది. మళ్లీ నొక్కింది. ఆమె ముఖంలో నవ్వు విచ్చుకుంది. ఏళ్లుగా నేలను చూసి నడిచిన మనిషి తల ఎత్తి చెట్లను చూస్తోంది, తిరిగే రంగులరాట్నాన్ని చూస్తోంది. పక్కనే నడుస్తున్న రేఖను "జల్ది నడువు" అని వెక్కిరించింది కూడా. అద్దాల గుహ పార్కుకు ఆ చివర ఉంది. ఇలాగే పోతే కాసేపట్లో చేరిపోతారు.

ఇలాగే పోతే కదా! నీళ్ల ఆట దగ్గర ఈల పట్టుకున్న గార్డు ఎదురయ్యాడు. ఎస్తేరు వేలు తీసేసింది, కర్ర ఊనింది, మూలుగుతూ కిందికి దిగి నిలబడింది. గార్డు ఆమెను చూడను కూడా లేదు. అతను దాటిపోయాక మళ్లీ మూలుగుతూ ఎక్కింది.

"అత్తా, దిగకు" అంది హెప్సిబా, గొంతు అణచుకుని.

"ఆఁ, దిగ."

నాలుగు అడుగులు పోగానే తెల్లచొక్కా, బంగారు గడియారం, వెనక పెళ్లాం పిల్లలతో ఒక పెద్దమనిషి వస్తున్నాడు. ఎస్తేరు మళ్లీ దిగింది. పైగా స్కూటరును పక్కకు తోసి దారిచ్చింది. ఆ మనిషికి అదేం వింతగా అనిపించలేదు, దారి తనదే అయినట్టు నడిచిపోయాడు. హెప్సిబాకు అరికాలి మంట నెత్తికెక్కింది. అతని మీద అరవాలా, అత్త మీద అరవాలా?

"ఆయనేమన్న నీ పటేలా? ఎవడో ఏమో! వాడు మనలెక్కనే టికెట్ కొనుక్కోని వచ్చిండు గదా!"

"మెల్లగ బిడ్డా, జనం ఇంటరు."

"ఇననీ!"

ఐస్‌క్రీం బండి దగ్గర మళ్లీ దిగింది. ఆ ముందు మలుపులో ఇంకోసారి. అప్పుడు దిగింది ప్రదీప్ కోసం. మెడలో కార్డు, చేతిలో వాకీటాకీ, పాతికేళ్లుంటాయేమో. అతను పార్కు సూపర్‌వైజరు. దూరం నుంచి చూస్తూనే ఉన్నాడట. నేరుగా వచ్చి స్కూటరు తాళం తీసి జేబులో వేసుకున్నాడు.

"ఎక్కుతుంది, దిగుతుంది, నిలబడుతుంది, బండి తోస్తుంది కూడా. బాగానే నడుస్తుంది కదా? ఇది నడవలేని వాళ్లకు. గేటు దగ్గర నిజంగా అవసరమున్న వాళ్లు వెయిట్ చేస్తున్నారు."

"ఆమె నడవలేదు సారు. కాళ్లు జూడుండ్రి" అంది హెప్సిబా. ఆ మాత్రం మర్యాద ఆమెలో ఇంకా మిగిలి ఉంది.

"కళ్లతో చూశాక ఇంకేం చూడాలి? ఊరికే ఇస్తున్నారంటే చాలు, ఎక్కేస్తారు మీలాంటోళ్లు."

మీలాంటోళ్లు. ఆ ఒక్క మాటతో హెప్సిబా ఒళ్లు భగ్గుమంది. ఆమె నోరు తెరిచేలోపే ఎస్తేరు రెండు చేతులూ జోడించింది. "తప్పైంది సారు. నేను నడుస్త సారు. పిల్లలనేమనకుండ్రి."

"ఏం తప్పు జేసినవని దండం పెడ్తవ్ వానికి? దించు చేతులు! దించు!" హెప్సిబా అరుపుకు ఐస్‌క్రీం బండి దగ్గరున్న వాళ్లంతా తిరిగారు. "మీలాంటోళ్లంటె ఎవరు సారు? జర చెప్పు. అందరు ఇంటరు, చెప్పు. ఎసొంటోళ్లం మేము?"

ప్రదీప్ కంగారుపడి వాకీటాకీలో ఎవరితోనో మాట్లాడాడు. ఎవరో ఫోను తీసి వీడియో తియ్యడం మొదలుపెట్టారు. చివరికి ప్రదీప్, ఆఫీసుకు రండి, అక్కడ మాట్లాడుకుందాం అన్నాడు. ఆఫీసు దాకా ఎస్తేరు నడిచింది. రేఖ ఒక చెయ్యి, హెప్సిబా ఒక చెయ్యి పట్టుకుంటే, ఆగి ఆగి, పెదవి కొరుక్కుంటూ నడిచింది. ప్రదీప్ ముందు పోతూ స్కూటరును ఖాళీగా నడిపించుకుపోయాడు. ఆ ఖాళీ సీటు వెనకాల ఆ ముసలి నడక చూసిన హెప్సిబాకు చేతిలో రాయి లేకపోవడం ఒక్కటే అడ్డమైంది.

ఆఫీసు చల్లగా ఉంది. మేనేజరు నడివయసు మనిషి, మర్యాదస్తుడే. కుర్చీలు చూపించాడు. రేఖ కూర్చుంది. హెప్సిబా కూర్చుంది. ఎస్తేరు గోడకు ఆనుకుని నిలబడింది.

"కూర్చోండమ్మా" అన్నాడు మేనేజరు.

"వద్దులే సారు."

"చూశారా సార్?" అన్నాడు ప్రదీప్ వెంటనే. "కూర్చోమన్నా నిలబడే ఉంది."

హెప్సిబాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ఇప్పుడు చెప్పాలి. స్కూటరు కావాలంటే, అత్త ఎందుకు దిగుతుందో ఈ చల్లటి గదిలో వీళ్ల ముందు విప్పి చెప్పాలి. తమదేం కులమో, తమ ఊళ్లో ఎక్కడ చెప్పులు విప్పేవారో, మామను ఏం చేశారో. అవమానం చేసినవాడు ఏమీ చెప్పకుండానే చచ్చాడు, పడినవాళ్లే ఋజువులు చూపించాలి. ఏ దేశపు న్యాయం ఇది? అయినా చెప్పింది. పటేలు ఇల్లు, కొత్త సైకిలు, నెత్తి మీదికెత్తడం, అన్నీ చెప్పింది. "అప్పటికెల్లి ఈమెకు భయం సారు. అంగి తెల్లగుంటె చాలు, దిగుతది" అని ముగించింది.

గోడ దగ్గర నుంచి ఎస్తేరు అంది: "గట్ల గాదు బిడ్డా. నీకు తెల్వదు."

ఆమె గొంతులో అంతవరకూ హెప్సిబా వినని గరుకు ఏదో ఉంది.

"ఆయన దిగుతనన్నడు. పటేలు ఇల్లు కనవడంగనే కాలు కింద పెట్టవోయిండు. నేనే ఎనకకెల్లి నడుం పట్టుకోని, దిగకు అన్న. మన రెక్కల కష్టంతోని కొనుక్కున్నం, ఎవనికి దిగాలె, తొక్కు అన్న. ఆయన తొక్కిండు. నా మాట ఇని తొక్కిండు. నన్నెవ్వరు ఏమనలే. ఆయన నెత్తికెక్కించిండ్రు సైకిలు. నేను దిగనందుకు ఆయన మోసిండు." ఎస్తేరు కర్రను గట్టిగా పట్టుకుంది. "నాకేం భయం? నన్ను గొట్టనీ. నేను కూసుంటె ఆ బరువు మీ నెత్తికొస్తదని ముందుగాల్నే దిగుత. గదే."

ఇన్నేళ్లూ హెప్సిబా పిరికిదని అత్తను తిట్టుకుంది. ఎరువుల దుకాణం ముందు ఆటోలో కూర్చుని తానేదో గెలిచినట్టు తల ఎగరేసింది. తన కోపం ఈమె కోపం ముందు ఏ పాటిది? మండి మండి మాట కూడా పోగొట్టుకున్న కోపం అది.

మేనేజరు లేచి, తాళం తెప్పించి, తనే ఎస్తేరు చేతిలో పెట్టాడు. ప్రదీప్‌తో సారీ చెప్పించాడు. ప్రదీప్ కిందికి చూస్తూ చెప్పాడు. "ఆ కాలం పోయింది లేమ్మా, మనసులో పెట్టుకోకండి" అని మేనేజరు మంచిగానే అన్నాడు.

"పోయిందా సారు?" అంది హెప్సిబా. "మరి మీలాంటోళ్లు అన్న మాట యాడికెల్లి వచ్చింది? ఈ పిల్లగాడు ఆ పటేలును సూడనన్న సూడలే గదా!"

వీళ్లు బయటికి వచ్చారు. ఎస్తేరు స్కూటరెక్కింది. ఈసారి గార్డు ఎదురైతే బండి నెమ్మదించింది గాని ఆమె దిగలేదు. హెప్సిబా ఆమె భుజం మీద చెయ్యి వేసి నడిచింది.

అద్దాల గుహ దగ్గరికి చేరేసరికి ఎండ వాలింది. లోపలి నుంచి నీలం వెలుతురు వాకిట్లోకి పడుతోంది. తలుపు దగ్గరి నుంచే ఒక వెడల్పాటి చేప పైన ఈదుతూ పోవడం కనిపించింది. ఎస్తేరు నోరు తెరిచి చూసింది. లోపలికి మెట్లు కూడా లేవు, ఏటవాలు దారే, రెండు స్కూటర్లు పక్కపక్కన పట్టేంత వెడల్పు. వాకిట్లో ఉన్న గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

"స్కూటరు లోపలికి రాదమ్మా. దిగాలి."

"ఎందుకు రాదు?" అంది రేఖ.

"రూలు. దిగండి, కొంచెమే నడక. వెనక జనం ఆగారు."

హెప్సిబా లోపలికి చూసింది. చేపలు అక్కడే ఉన్నాయి, చెయ్యి చాపితే అందేంత దూరంలో. వచ్చినప్పటి నుంచీ అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది. మళ్లీ ఆఫీసు, మళ్లీ మేనేజరు, మళ్లీ అదే కథ విప్పడం. అంతలో పార్కు మూసేస్తారు. ఈ ఒక్కటి చూడటానికే కదా వచ్చింది అనుకుంది. వంగి అత్త చెవి దగ్గర అంది: "అత్తా, జర దిగు. నేను పట్టుకుంట. సూసొద్దాం."

ఎస్తేరు తల తిప్పి కోడలి ముఖంలోకి చూసింది.

"నువ్వు గూడ దిగమంటవా?"

హెప్సిబా ముఖం పాలిపోయింది. "చాపల కోసమత్తా..."

"నేను దిగ" అంది ఎస్తేరు. గట్టిగా అంది, గార్డుకు వినబడేలా, వెనక ఆగిన జనానికి వినబడేలా. "ఎవ్వరికి దిగ. చాపలకు గూడ దిగ."

రేఖ ఏడుపు గొంతుతో, "నాయనమ్మా, పోనీ నేను లోపటికి పోయి వీడియో తీస్కొస్త" అంది.

"వీడియో ఇంట్ల సూడలేదా? ఇగ పోదాం పాండ్రి."

ఆమె స్కూటరును తనే వెనక్కి తిప్పింది. అది కుయ్ కుయ్ మంటూ వెనక్కి నడిస్తే గార్డు గబుక్కున కాళ్లు తీసుకున్నాడు. దారి మధ్యకు తెచ్చింది. ఒక్కసారి కూడా ఆ నీలం వెలుతురు వైపు తిరిగి చూడలేదు. వీపు నిటారుగా ఉంది. చెంపల మీద మాత్రం నీళ్లు కారుతున్నాయి, వాటిని తుడుచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు.

హెప్సిబా కాసేపు అక్కడే నిలబడిపోయింది. గార్డును కొట్టాలనుంది. రూలు రాసినవాణ్ని పట్టుకుని గుంజాలనుంది. అన్నిటికంటే ఎక్కువగా తన నోరు తానే పగలగొట్టుకోవాలనుంది. జన్మలో ఒక్కటి అడిగిన మనిషి ఆ ఒక్కటీ చూడకుండా పోతోంది. ఆఖరున ఆమెను దిగమన్నది పటేలు కాదు, ప్రదీప్ కాదు, తను.

ముందు దారి నిండా జనం. పిల్లలు, సంచులు, తెల్లచొక్కాలు. ఎస్తేరు వేలు తియ్యలేదు. హెప్సిబా కొంగు బిగించి, పరుగున పోయి స్కూటరును దాటి ముందు నిలిచింది.

"జరుగుండ్రి!" అని గొంతు చీరుకుపోయేలా అరిచింది. "పక్కకు జరుగుండ్రి, మా అత్త వస్తుంది!"

అలా అరుచుకుంటూనే గేటు దాకా ఆమె ముందు నడిచింది.